ఊరి కాఫీ హోటలు – ఇంటర్నెట్టులో దాని చిరునామా

పూర్వము బాటసారి ఊరి పొలిమేర చేరగానే రచ్చబండ యొద్ద కూర్చున్న పెద్దలను సమీపించి, “అయ్యా, ఇచ్చట మంచి కాఫీ ఎక్కడ దొరకును?” అని అడిగెడివాడు. వారు తమకు తెలిసినది చెప్పెడివారు. ఆ మాటకు విలువ ఉండుటకు రెండు కారణములు కలవు. వారు ఊరిలోని ప్రతి దుకాణమును ఎరిగినవారు. అబద్ధమాడి లాభము పొందవలసిన అగత్యము లేనివారు. నేడు ప్రయాణికుడు ఆ ప్రశ్ననే తన మొబైలు ఫోనును అడుగుచున్నాడు. అదియును ఊరు చేరిన పిమ్మట గాక, ఇల్లు కదలుటకు ముందే అడుగుచున్నాడు. ఫోను తనకు తెలిసినంత వరకే చెప్పగలదు. మన ఊరి కాఫీ హోటలు దానికి తెలియనిచో, ఆ హోటలు ఎంత మంచిదైనను ప్రయాణికుని లెక్కలో అది లేనట్లే.

ఇది దుకాణదారుల సొంత వ్యవహారమనియు, ఇందు పంచాయతీకి పని లేదనియు కొందరు సభ్యులు తలంపవచ్చును. మేము అట్లు తలంచుట లేదు. ఊరిలోని హోటలులో ప్రయాణికుడు ఇచ్చిన సొమ్ము ఆ హోటలు గల్లాపెట్టెలోనే నిలిచిపోదు. పాలు పోయు ఇంటికి, కూరగాయలు పండించు రైతుకు, పాత్రలు తోము కూలికి, వంటచెరకు మోయువానికి అది చేరును. ప్రయాణికుడు ఆగక సాగిపోయినచో వీరందరును నష్టపోదురు. అంతేగాక, ఇంటర్నెట్టులో ఒక దుకాణము కనబడుటకు కావలసిన ముఖ్యవస్తువు చిరునామా. వీధికి పేరు, ఇంటికి సంఖ్య, దారికి పలక ఇచ్చు అధికారము దుకాణదారునికి లేదు. అది పంచాయతీది. కావున ఈ విషయమును గ్రామ పంచాయతీ సభ్యుల ముందుంచుచున్నాము.

అరకు దారిలో ఒక ఉదాహరణ

విషయము స్పష్టమగుటకు ఒక ప్రదేశమును తీసికొందము. విశాఖపట్నము నుండి అరకులోయకు సుమారు 115 కిలోమీటర్ల దూరము. శృంగవరపుకోట దాటిన పిదప ఘాటు రోడ్డు ఆరంభమగును. అనంతగిరి, సుంకరిమెట్ట ప్రాంతములలో చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లపై ప్రాకిన మిరియపు తీగెలు కనబడును. బొర్రా గుహలకు పోవు యాత్రికులలో పెక్కుమంది ఈ దారినే వత్తురు. ఇచ్చట గిరిజన రైతులు పండించు అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. చలికాలములో, విశేషించి నవంబరు నుండి జనవరి వరకు, యాత్రికుల రద్దీ మిక్కుటము. దారి పొడవునను కాఫీ, టీ, బొంగులో చికెన్, కాల్చిన మొక్కజొన్న పొత్తులు అమ్ము చిన్న దుకాణములు కలవు. వీనిలో పెక్కింటిని నడుపువారు గిరిజన కుటుంబములవారు.

ఈ దారిలో ఒక గిరిజన మహిళ నడుపు కాఫీ దుకాణము ఉన్నదనుకొందము. ఇది మేము ఊహించిన ఉదాహరణ మాత్రమే. ఆమె గింజలను తానే వేయించి, దంచి, వేడి కాఫీ పోయును. ఒకసారి త్రాగినవారు మరల వచ్చినపుడు ఆమెను వెదకుకొని వత్తురు. ఐనను ఆమెకు వచ్చు క్రొత్త గిరాకీ అంతయు బండి అద్దములో నుండి ఆమె పలకను చూచి ఆగినవారే. ఎదురుగా పొగమంచు క్రమ్మిన ఉదయమున ఆ పలకయు కనబడదు.

కొండదారిలో మరియొక చిక్కు కలదు. మలుపులలో పలుచోట్ల ఫోనుకు సంకేతము అందదు. అందుచేత యాత్రికులు విశాఖపట్నములో బయలుదేరుటకు ముందే, ఎక్కడ ఆగవలెను, ఎక్కడ తినవలెను అని ఫోనులో చూచి నిర్ణయించుకొందురు. ఆ క్షణమున ఆమె దుకాణము పటములో ఉండవలెను. దుకాణము ముందు నుండి బండి పోవునపుడు కాదు. ముందునాటి రాత్రి విశాఖపట్నములో ఒక కుటుంబము ఫోను చుట్టు చేరి మాటలాడుకొనునపుడే బేరము తేలుచున్నది. పలక ఎంత పెద్దదైనను ఆ గదిలోనికి పోజాలదు. పటములోని చిరునామా పోగలదు.

ఫోను ఏ లెక్కన జవాబు చెప్పును?

మన దేశములో ఎక్కువమంది గూగుల్ అను సంస్థ పటమును వాడుచున్నారు. సమీపమున గల దుకాణములను చూపునపుడు తాను ముఖ్యముగా మూడు సంగతులను చూతునని ఆ సంస్థయే ప్రకటించినది.

మొదటిది సంబంధము. అడిగిన మాటకును, దుకాణము అమ్ము వస్తువునకును పొంతన ఉన్నదా అని చూచుట. ఒకరు “ఫిల్టరు కాఫీ” అని వెదకిరనుకొనుడు. దుకాణపు వివరములలో కాఫీ మాటయే లేక, “కిరాణా” అని మాత్రమే ఉన్నచో అది జాబితాలోనికి వచ్చుట కష్టము.

రెండవది దూరము. వెదకువాడు ఉన్న చోటికి, లేక అతడు పేర్కొన్న ఊరికి, దుకాణము ఎంత దగ్గరగా ఉన్నదో చూచుట. విశాఖపట్నములో ఉండి “కాఫీ” అని మాత్రము అడిగినచో నగరములోని హోటళ్లే కనబడును. “అరకులో కాఫీ” అని అడిగినచో అరకు దుకాణములు కనబడును. పటములో మన దుకాణపు గుర్తు తప్పుచోట ఉన్నచో ఈ లెక్క అంతయు తారుమారగును.

మూడవది ప్రసిద్ధి. ఆ దుకాణమును గూర్చి ఎందరు తమ అభిప్రాయము వ్రాసిరి, ఎట్టి మార్కులు ఇచ్చిరి, ఇతర పుటలలో దాని ప్రస్తావన ఉన్నదా అని చూచుట.

ఈ మూడింటిలో దూరమును మార్చుట ఎవరి తరమును గాదు. సంబంధమును సరియైన వివరములతో ఒక పూటలో చక్కదిద్దవచ్చును. ప్రసిద్ధి మాత్రము కాలక్రమమున, మంచి కాఫీ వలన, మంచి మాట వలన పెరుగవలసినదే. డబ్బు పుచ్చుకొని ఈ వరుసలో ఎవరిని పైకి జరుపుట లేదని గూగుల్ సంస్థ స్పష్టముగా చెప్పుచున్నది. డబ్బిచ్చి వేయించు ప్రకటనలు వేరు. అవి ప్రకటనలని తెలియునట్లు వేరు గుర్తుతో వచ్చును. ఈ భేదమును సభ్యులు బాగుగా గుర్తుంచుకొనవలెను. ముందు చెప్పబోవు మోసములలో ఒకటి ఈ భేదము తెలియకపోవుట వలననే జరుగుచున్నది.

నమోదు చేయుట

దుకాణమును పటములో నమోదు చేయుటకు రుసుము లేదు. గూగుల్ సంస్థ ఈ సదుపాయమును 2014లో “గూగుల్ మై బిజినెస్” అను పేర ప్రారంభించి, 2021లో “గూగుల్ బిజినెస్ ప్రొఫైల్” అని పేరు మార్చినది. ఒక స్మార్టు ఫోను, ఒక ఈమెయిలు ఖాతా ఉన్న చాలును. నమోదులో అడుగు సంగతులు ఇవి: దుకాణము పేరు, అది ఏ తరగతికి చెందినది, అది ఉన్న చోటు, ఫోను నంబరు, తెరచు వేళలు.

పేరు విషయమున జాగ్రత్త అవసరము. దుకాణము పలకపై ఏ పేరున్నదో ఆ పేరే వ్రాయవలెను. పలకపై “అమ్మ కాఫీ హోటలు” అని ఉండగా, పటములో “అమ్మ కాఫీ హోటలు, అరకులో అన్నింటికన్న మేలైన కాఫీ, చవక టిఫిను” అని తోక చేర్చుట నియమ విరుద్ధము. అట్టి నమోదును సంస్థ నిలిపివేయవచ్చును. తోక చేర్చవలసిన మాటలకు వేరు చోటు కలదు. దుకాణమును గూర్చి కొలది వాక్యములలో చెప్పుకొను గడి అది. “మా తోటలో పండిన గింజలను కట్టెల పొయ్యిపై వేయించి కాఫీ చేయుదుము, ఉదయము రాగి అంబలి దొరకును” అని ఉన్నదున్నట్లు వ్రాసినచో, ఆ మాటలతో వెదకువానికి మనము దొరకుదుము.

పేరును తెలుగులోను, ఆంగ్లాక్షరములలోను ఒకే తీరున స్థిరపరచుకొనవలెను. అరకు పేరునే ఆంగ్లాక్షరములలో ఇద్దరు రెండు విధములుగా వ్రాయుట మనము చూచుచున్నాము. ఒక చోట ఒక వ్రాత, మరియొక చోట మరియొక వ్రాత ఉన్నచో రెండును ఒకటే దుకాణమని యంత్రము గుర్తింపలేకపోవచ్చును. పలక మీద, రసీదు మీద, పటములో, ఇతర జాబితాలలో పేరు, చిరునామా, ఫోను నంబరు అక్షరము తేడా లేక ఒకే తీరున ఉండుట మేలు. 2017 నుండి గూగుల్‌ను తెలుగులో నోటితో అడుగుటకును వీలున్నది. అక్షరములు కొట్టలేని ప్రయాణికుడు సైతము తెలుగులో పలికి వెదకుచున్నాడు. అందుచేత తెలుగు పేరును నిర్లక్ష్యము చేయరాదు.

పిమ్మట ధ్రువీకరణ. దుకాణము నిజముగా ఉన్నదా, నమోదు చేసినవారు దాని యజమానియేనా అని సంస్థ తేల్చుకొనును. కొందరికి ఫోనుకు సంకేత సంఖ్య వచ్చును. పెక్కుమందిని చిన్న వీడియో తీసి పంపుమని అడుగుదురు. ఆ వీడియోను మధ్యలో ఆపక ఒకే పట్టున తీయవలెను. వీధి, పరిసరములు, దుకాణపు పలక, లోపలి పొయ్యి, పాత్రలు, తాళము తీయుట వంటివి అందు కనబడవలెను. ఆహార భద్రతా సంస్థ ఇచ్చు 14 అంకెల సంఖ్య గల పత్రము గోడకు తగిలించి ఉన్నచో అదియు చూపవచ్చును. పేరు వ్రాసిన పలక లేని దుకాణమునకు ఈ దశలోనే చిక్కు వచ్చును. కావున పలక ముందు, పటము తరువాత.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. నమోదు ఎవరి ఖాతాతో జరుగునో పటములోని దుకాణమునకు వారే యజమానులు. చదువురాని యజమానురాలికి సాయము చేయ వచ్చిన యువకుడు తన ఖాతాతోనే నమోదు చేసి, రేపు ఊరు విడిచిపోయినచో, ఆమె తన దుకాణపు వేళలను సైతము మార్చుకొనలేదు. ఖాతా ఆమె పేర, ఆమె ఫోను నంబరుతో ఉండవలెను. సాయము చేయువారిని నిర్వాహకులుగా మాత్రము చేర్చవచ్చును. రహస్య సంకేతపదమును ఆమె ఇంటిలోనే భద్రపరచవలెను. పొలము పట్టా ఎవరి పేర ఉండవలెనో మనకు తెలియును గదా, ఇదియు అట్టిదే.

వేళలు, ఛాయాచిత్రములు, ధరలు

నమోదుతో పని తీరదు. తెరచి ఉండు వేళలు తప్పుగా ఉన్నచో మేలుకు బదులు కీడు కలుగును. ఉదయము 5 గంటలకు తెరచు దుకాణమునకు పటములో 9 గంటలని ఉన్నచో, సూర్యోదయము చూడ వచ్చిన యాత్రికునికి అది “మూసివేయబడినది” అని కనబడును. పండుగ, జాతర, సంత దినములలో వేళలు మారినచో ముందే సవరింపవలెను. కుటుంబములో శుభాశుభములకు నాలుగు దినములు మూసినచో అదియు తెలుపవలెను. మూసి ఉన్న తలుపు చూచి కొండదారిన వెనుదిరిగిన ప్రయాణికుడు మరల రాడు.

ఛాయాచిత్రములు ఉదయపు వెలుతురులో తీయవలెను. మొదటిది రోడ్డు మీద నుండి దుకాణము కనబడు తీరు. బండి నడుపువాడు దానిని చూచి గుర్తు పట్టును. రెండవది పలక. మూడవది ధరల పట్టిక, అక్షరములు చదువ వీలగునట్లు. పిమ్మట కాఫీ, తినుబండారములు, కూర్చుండు చోటు, బండ్లు నిలుపు చోటు. మరుగుదొడ్డి ఉన్నచో ఆ సంగతి తప్పక తెలుపవలెను. స్త్రీలు, వృద్ధులు, పసిబిడ్డలతో పోవు కుటుంబము ఎక్కడ ఆగవలెనో తేల్చునది పలుమారు కాఫీ రుచి కాదు, ఈ సదుపాయమే. ఇతరుల హోటళ్ల చిత్రములు తెచ్చి పెట్టుట అబద్ధము. వచ్చి చూచినవాడు ఆ మాట పదిమందికి చెప్పును.

అభిప్రాయములు – నిజమైనవి, కొన్నవి

కాఫీ త్రాగి పోవువారు తమ అభిప్రాయమును పటములో వ్రాయవచ్చును. వ్రాయుమని మర్యాదగా కోరుట తప్పు కాదు. గల్లాపెట్టె యొద్ద చిన్న చీటీ అంటించి, “మా కాఫీని గూర్చి మీ మాట నలుగురికి చెప్పుడు” అని వ్రాయవచ్చును. కాని అభిప్రాయమునకు బదులుగా ఉచిత కాఫీ, ధరలో తగ్గింపు, డబ్బు ఇచ్చుట నియమ విరుద్ధము. బంధువులచే, ఎన్నడును రాని వారిచే పొగడ్తలు వ్రాయించుటయు అట్టిదే. భారత ప్రమాణముల సంస్థ 2022లో ఇంటర్నెట్టులోని వినియోగదారుల అభిప్రాయముల సేకరణకు, ప్రకటనకు ఐ.ఎస్. 19000 అను ప్రమాణమును వెలువరించినది. దొంగ అభిప్రాయములు దేశమంతట సమస్యయైనందుననే అట్టి ప్రమాణము అవసరమైనది.

నిందకు జవాబు చెప్పుట ఒక విద్య. “కాఫీ చల్లగా ఉన్నది, చాలసేపు నిలువబెట్టిరి” అని ఒకరు వ్రాసిరనుకొందము. “నీవు అబద్ధమాడుచున్నావు” అని బదులిచ్చినచో, చదువు వేరొకరు నిందనే నమ్ముదురు. “అయ్యా, ఆ ఆదివారము రద్దీ ఎక్కువై తమకు కష్టము కలిగినది. ఇప్పుడు రెండవ పొయ్యి పెట్టినాము. మరల దయచేయుడు” అని వ్రాసినచో, నింద వ్రాసినవాడు రాకపోయినను చదివినవారు వత్తురు. రెండవ పొయ్యి నిజముగా పెట్టిన పిమ్మటనే ఆ మాట వ్రాయవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

మోసములు

“మీ హోటలును గూగుల్‌లో మొదటి స్థానమున నిలిపెదము; ఏడాదికి ఇంత చెల్లింపుడు” అని ఫోను చేయువారు కలరు. ఆ స్థానము అమ్మకమునకు లేదని పైన చెప్పియున్నాము. లేని సరకును అమ్ముచున్నవానికి సొమ్ము చెల్లింపరాదు. “మేము గూగుల్ నుండి మాటలాడుచున్నాము, మీ ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పుడు, లేనిచో మీ దుకాణమును పటము నుండి తీసివేయుదుము” అని బెదరించువారును ఉన్నారు. ఓటీపీ చెప్పినచో దుకాణపు ఖాతా, ఒక్కొకప్పుడు బ్యాంకులోని సొమ్ము కూడ, పరుల చేతిలోనికి పోవును.

మరియొక మోసము పటములోని వివరములను మార్చుట. పటమును చూచు ఎవరైనను సవరణ సూచింపవచ్చును. ఇది మంచి ఉద్దేశముతో ఏర్పరచిన సదుపాయమే. కాని 2018లో మహారాష్ట్రమున కొందరు బ్యాంకు శాఖల ఫోను నంబర్లకు బదులు తమ నంబర్లు చేర్చి ఖాతాదారులను మోసగించిరి. హోటలు నంబరు మార్చి, “గది ఖాళీ ఉన్నది, ముందుగా డబ్బు పంపుడు” అనుట సైతము సాధ్యమే. నెలకు ఒకమారు ఎవరికి వారు తమ దుకాణమును పటములో వెదకి, నంబరు, వేళలు, గుర్తు ఉన్న చోటు సరిగా ఉన్నవో లేవో చూచుకొనవలెను. సొమ్ము పోయినచో ఆలసింపక సైబరు నేరముల సహాయ సంఖ్య 1930కు ఫోను చేయవలెను. ఎంత త్వరగా చెప్పిన అంత మేలు.

పంచాయతీ చేయదగిన పనులు

దుకాణదారుడు ఒంటరిగా చేయలేనివియు, పంచాయతీ సులభముగా చేయగలిగినవియు అగు పనులను ఇచ్చట పేర్కొనుచున్నాము.

ఒకటి – వీధులకు పేర్లు, ఇండ్లకు సంఖ్యలు. “రావిచెట్టు దాటిన తరువాత ఎడమప్రక్క” అను చిరునామా మనకు చాలును; యంత్రమునకు చాలదు. 1972 ఆగస్టు 15న వచ్చిన ఆరంకెల పిన్ కోడు ఉత్తరమును తపాలా కార్యాలయము వరకు చేర్చును. ఒక్క పిన్ కోడు క్రింద పెక్కు పల్లెలు ఉండుటచే అది దుకాణపు గడప వరకు దారి చూపదు. ఈ లోటు తీర్చుటకు తపాలా శాఖ, హైదరాబాదులోని ఐ.ఐ.టి., ఇస్రోకు చెందిన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రము కలసి రూపొందించిన “డిజిపిన్” 2025 మే నెలలో వెలువడినది. దేశమంతటిని సుమారు నాలుగు మీటర్ల గడులుగా విభజించి, ఒక్కొక్క గడికి పది అక్షరముల సంకేతము ఇచ్చిరి. వీధి పేరు లేని కొండపల్లెలోని దుకాణమునకు సైతము ఇట్లు ఒక గుర్తు ఏర్పడినది. ఊరిలోని ప్రతి దుకాణపు డిజిపిన్‌ను పంచాయతీ పుస్తకములో వ్రాసి ఉంచుట మంచిది.

రెండు – దుకాణముల జాబితా. ఊరిలోని కాఫీ హోటళ్లు, టిఫిను దుకాణములు, బస చేయు ఇండ్లు ఎన్ని, వానిలో పటముపై ఉన్నవి ఎన్ని, గుర్తు తప్పుచోట ఉన్నవి ఎన్ని అని ఒక దినమున లెక్క తీయవలెను. పటములో గుర్తు కొన్ని అడుగుల తేడాతో ఉన్నను మైదానములో పెద్ద నష్టము లేదు. ఘాటు రోడ్డులో ఆ తేడా బండిని క్రింది మలుపునకు దింపవచ్చును. ఇరుకు దారిలో త్రిప్పుకొనుట ప్రమాదకరము.

మూడు – నమోదు దినము. పంచాయతీ కార్యాలయములో ఒక పూట దుకాణదారులను పిలిపించి, చదువుకొన్న యువతీయువకుల సాయముతో, అందరి ఎదుట, ఎవరి ఖాతాతో వారికే నమోదు జరిపింపవచ్చును. గ్రామ పంచాయతీలకు వేగవంతమైన ఇంటర్నెట్టు చేర్చుటకు 2011లో ఆమోదము పొంది, 2015లో భారత్ నెట్ అని పేరు మారిన పథకపు తీగె మీ కార్యాలయము వరకు వచ్చియున్నచో, దానికి ఇంతకన్న మంచి వినియోగము వేరొకటి ఉండదు. పొదుపు సంఘముల మహిళలను మొదట పిలువుడు.

నాలుగు – పరిశుభ్రత. రోడ్డు ప్రక్క చెత్తబుట్ట, త్రాగునీరు, మరుగుదొడ్డి లేని చోట దుకాణదారుడు ఎంత శ్రమించినను యాత్రికుడు చెడుమాటయే వ్రాయును. ఆ మాట ఒక్క దుకాణము మీదికి గాక ఊరంతటి మీదికి వచ్చును.

ఐదు – హక్కుల రక్షణ. అరకు వంటి షెడ్యూల్డు ప్రాంతములలో 1996 నాటి పెసా చట్టము గ్రామ సంతల నిర్వహణాధికారమును గ్రామసభలకు, పంచాయతీలకు ఇచ్చినది. గిరాకీ పెరిగిన చోటికి బయటివారి పెట్టుబడియు వచ్చును. రోడ్డు ప్రక్కన ఎవరికి చోటు ఇయ్యవలెను, పల్లె పేరును ఎవరు వాడుకొనవలెను అను విషయములను గ్రామసభలో ముందే చర్చించుకొనుట వివేకము. పటములో ఊరి పేరు పెరిగి, ఆ పేరుతో వచ్చిన ఆదాయము ఊరివారికి చేరనిచో ఈ శ్రమ అంతయు వ్యర్థమే.

కొన్ని సందేహములు

నమోదు చేసిన మరునాడే దుకాణము మొదట కనబడునా? కనబడదు. ధ్రువీకరణకు కొన్ని దినములు పట్టును. ప్రసిద్ధి పెరుగుటకు నెలలు పట్టును. విత్తిన మరునాడు కోత అడుగరాదు గదా.

సొంతముగా ఇంటర్నెట్టు పుట తప్పక ఉండవలెనా? చిన్న దుకాణమునకు అగత్యము లేదు. పటములోని వివరములు నిండుగా, నిజముగా ఉన్న చాలును. బిజినెస్ ప్రొఫైల్ ద్వారా గూగుల్ ఉచితముగా ఇచ్చిన పుటలు 2024 మార్చిలో నిలిపివేయబడినవి. ఎవరైనను అట్టిది చేసి పెట్టెదమని చెప్పినచో నమ్మరాదు.

ఒక్క గూగుల్ పటము చాలునా? మొదట అది. వీలైనపుడు మన దేశపు మ్యాపుల్స్ లోను, ఎవరైనను చేయి కలపదగిన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ లోను అవే వివరములు చేర్చుట మేలు. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ లో ఊరి దారులు, బడి, బావి, గుడి గుర్తించు పనిని పాఠశాల విద్యార్థులకు అప్పగించినచో వారికి భూగోళము చదువును, ఊరికి పటమును ఒక్కసారే సిద్ధించును.

మేలు కలిగినదో లేదో తెలియుట ఎట్లు? పటము చూచి ఫోను చేసినవారు, దారి అడిగినవారు ఎందరో యజమాని ఖాతాలో కనబడును. అంతకన్న నమ్మదగినది గల్లాపెట్టె ప్రక్క ఒక నోటు పుస్తకము. “మా దుకాణము సంగతి తమకు ఎట్లు తెలిసినది?” అని క్రొత్తవారిని అడిగి, గీత గీయుచు పోయినచో మూడు నెలలలో నిజము తేలును.

ముగింపు

ఇంటర్నెట్టులో కనబడుట ఒక గారడీ అని చెప్పి, దాని రహస్యము తమ యొద్దనే ఉన్నదని నమ్మించువారి వలన పల్లె దుకాణదారులు నష్టపోవుచున్నారు. అందు రహస్యమేమియు లేదు. సరియైన పేరు, సరియైన చోటు, సరియైన వేళ, నిజమైన చిత్రము, వచ్చినవారి నిజమైన మాట – ఇంతే. రచ్చబండ పెద్దల మాటకు ఏ గుణముల వలన విలువ వచ్చినదో, పటములోని మాటకును ఆ గుణముల వలననే విలువ వచ్చును: ఊరిని ఎరిగి చెప్పుట, అబద్ధము చెప్పకుండుట.

పటము కాఫీని రుచిగా చేయలేదు. అది ప్రయాణికుని గడప వరకు తెచ్చి వదలును. ఆ తరువాతి పని పొయ్యి యొద్ద నున్నవారిది. గడప వరకు దారి నిలుపు పని పంచాయతీది. రానున్న సమావేశపు కార్యక్రమములో, వీధి దీపములు, మురుగు కాలువల ప్రక్కన ఒక పంక్తి చేర్చుడు: “ఊరి దుకాణముల చిరునామాలు – సమీక్ష.” చలికాలపు రద్దీ మొదలగుటకు ముందే ఆ పని ముగిసినచో, ఈ ఏడు కొండదారిన పోవు బండ్లలో కొన్నియైనను మీ ఊరి ముందు ఆగును.